పనికీ ఆటకూ ఒకే మానిటర్

ప్రశ్న: ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. పగలు ఎనిమిది గంటలకు పైగా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీట్లు, నివేదికలు చూస్తుంటాను. రాత్రి నా సొంత డెస్క్‌టాప్‌లో గంటో గంటన్నరో షూటింగ్ ఆటలు, సెలవు రోజుల్లో కథ ఉన్న పెద్ద ఆటలు ఆడతాను. గ్రాఫిక్స్ కార్డు మధ్యరకానిది. ఇప్పుడున్న 22 అంగుళాల 1080పీ మానిటర్ ఎనిమిదేళ్ళ నాటిది; సాయంత్రానికి కళ్ళు లాగేస్తున్నాయి. మూడింటిని ఎంచి పెట్టుకున్నాను: 27 అంగుళాల 1440పీ, 165 హెర్ట్జ్ ఐపీఎస్ ఒకటి, 32 అంగుళాల 4కె, 60 హెర్ట్జ్ ఐపీఎస్ ఒకటి, వంపు తిరిగిన 34 అంగుళాల అల్ట్రావైడ్, 144 హెర్ట్జ్ వీఏ మరొకటి. మూడింటి ధరలో పెద్ద తేడా లేదు. స్నేహితుడు మాత్రం ఓలెడ్ తప్ప మరేదీ కొనవద్దంటున్నాడు. నా బల్ల లోతు రెండడుగులు. ఏది తీసుకోమంటారు? పాత మానిటర్‌ను ఉంచుకోవాలా, తీసేయాలా?

సమాధానం: మీరు ఎంచిన మూడింటిలో 27 అంగుళాల 1440పీ మానిటర్ తీసుకోండి. (ఈ మాటలు కొత్తవారికి: 1080పీ, 1440పీ, 4కె అన్నవి తెర మీద ఎన్ని పిక్సెళ్ళు, అంటే చుక్కలు, ఉన్నాయో చెబుతాయి; హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు చిత్రాన్ని మారుస్తుందన్నది; ఐపీఎస్, వీఏ, ఓలెడ్ అన్నవి తెర ప్యానెల్ రకాలు.) ఈ నిర్ణయానికి నేను మీ ఆటల వైపు నుంచి కాక మీ ఉద్యోగం వైపు నుంచి వచ్చాను. మీరు రాసినదాన్ని బట్టి వారానికి నలభై గంటలకు పైగా ఆ తెర మీద అక్షరాలు, అంకెలు చదువుతారు. ఆట ఎంత ఆడినా పదిహేను గంటలు దాటదు. చాలామంది ఆటకు సంబంధించిన అంకెలన్నీ పోల్చి చూసుకుని, చదవడం ఏ మానిటర్‌లోనైనా ఒకటేనని అనుకుంటారు. కాదు. కళ్ళను అలసిపోనివ్వకుండా చదివించేది ఏదో ముందు తేల్చుకుని, ఆ తరువాత ఆటకు అది ఎంతవరకు పనికొస్తుందో చూడడం మీ వంటివారికి సరైన వరస.

మరొక్క మాట. కళ్ళు లాగడానికి కారణం మానిటరే కానక్కరలేదు. అద్దాల నంబరు మారి ఉండవచ్చు, తెర కాంతి గదిలోని వెలుతురు కన్న మరీ ఎక్కువై ఉండవచ్చు, తెర మరీ ఎత్తులో ఉండి కళ్ళు రోజంతా పెద్దవిగా తెరుచుకుని ఆరిపోతూ ఉండవచ్చు. కొత్త మానిటర్ కొన్నా కొనకపోయినా ఒకసారి కంటి పరీక్ష చేయించుకోండి.

ఇక అక్షరాల సంగతి. అక్షరపు అంచు నున్నగా కనబడడం, ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్ళు ఉన్నాయన్నదాని మీద, మన కన్ను తెరకు ఎంత దూరంలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. మీ పాత మానిటర్‌లో అంగుళానికి సుమారు 100 పిక్సెళ్ళు ఉంటాయి. 27 అంగుళాల 1440పీలో 109, మీ అల్ట్రావైడ్‌లోనూ దాదాపు అంతే, 32 అంగుళాల 4కెలో 138. కాబట్టి నేను చెప్పిన మానిటర్‌లో అక్షరం ఇప్పటికన్న కొద్దిగా మాత్రమే నున్నబడుతుంది. అసలైన లాభం స్థలం. ఎక్సెల్‌లో మామూలు పరిమాణంలో ఒక వరుస ఎత్తు 20 పిక్సెళ్ళు, ఒక నిలువు గడి వెడల్పు 64 పిక్సెళ్ళు. 1920×1080 నుంచి 2560×1440కి మారితే నిలువునా 360, అడ్డంగా 640 పిక్సెళ్ళు పెరుగుతాయి. అంటే అదే అక్షర పరిమాణంలో మరో 18 వరుసలు, 10 నిలువు గడులు ఒకేసారి కళ్ళ ముందు ఉంటాయి. పైకీ కిందికీ జరుపుకుంటూ మొత్తం ఎక్కడుందో వెతుక్కునే పని చాలావరకు తగ్గిపోతుంది.

ఈ అక్షరాల పోటీలో గెలిచేది మాత్రం 4కె అని ఒప్పుకోవాలి. 32 అంగుళాల 4కెను విండోస్‌లో 150 శాతం స్కేలింగ్‌తో, అంటే అక్షరాలనూ బొమ్మలనూ ఒకటిన్నర రెట్లు పెద్దవి చేసి, వాడితే పని స్థలం సరిగ్గా 1440పీతో సమానమవుతుంది, కాని ప్రతి అక్షరాన్నీ రెండింతలకు పైగా పిక్సెళ్ళతో గీస్తుంది. మ్యాక్ కంప్యూటర్ వాడేవారు అడిగినా, ఆటలు ఆడని అనువాదకులో సంపాదకులో అడిగినా నేను మరో ఆలోచన లేకుండా దాన్నే తీసుకోమంటాను. మీ విషయంలో దాన్ని పక్కన పెట్టడానికి రెండు గట్టి కారణాలున్నాయి. మొదటిది 60 హెర్ట్జ్. ఆ తెర ఒక్కో చిత్రాన్ని 16.7 మిల్లీసెకన్ల పాటు నిలిపి ఉంచుతుంది; 165 హెర్ట్జ్ తెర 6.1 మిల్లీసెకన్లకే కొత్త చిత్రం చూపుతుంది. షూటింగ్ ఆటలో చటుక్కున పక్కకు తిరిగినప్పుడు 60 హెర్ట్జ్ వద్ద ఎదుటి గోడ, కిటికీ, మనిషి ఒక్క మరకలా కలిసిపోతాయి. 165 వద్ద ఆ మనిషి మనిషిగానే కనబడతాడు. ఒకసారి దీనికి అలవాటు పడ్డ చేతికి మళ్ళీ 60 రుచించదు. పనిలో కూడా, పొడవైన పత్రాన్ని జరుపుతూ మధ్యలో శీర్షికలు చదువుకోవడం వేగవంతమైన తెర మీదే సుఖం.

రెండవది మీ గ్రాఫిక్స్ కార్డు. 1080పీలో సుమారు 21 లక్షల పిక్సెళ్ళు, 1440పీలో 37 లక్షలు, 4కెలో 83 లక్షలు ఉంటాయి. ఒక్కో చిత్రానికీ కార్డు గీయవలసినవి ఇవన్నీ. మధ్యరకం కార్డు 1440పీని చక్కగా మోస్తుంది. 4కె దగ్గరికి వచ్చేసరికి కొత్త, బరువైన ఆటల్లో చతికిలబడుతుంది. ఆట వరకు రిజల్యూషన్‌ను 1440పీకి తగ్గించుకోవచ్చు కదా అని మీకు తోచవచ్చు. 4కె తెర మీద 1440పీ బొమ్మను వేస్తే ఒక పిక్సెల్‌ను అడ్డంగానూ నిలువునా ఒకటిన్నర పిక్సెళ్ళ మీద పరచవలసి వస్తుంది, అది సమంగా కుదరక బొమ్మంతా కాస్త అలుక్కుపోయినట్టు ఉంటుంది. తక్కువ పిక్సెళ్ళతో గీసిన బొమ్మను దిద్ది పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ వంటి ఏర్పాట్లు ఉన్న ఆటల్లో ఈ బాధ చాలావరకు తీరుతుంది. అవి లేని ఆటల్లో తీరదు. రెండేళ్ళలో పెద్ద కార్డు కొనే ఉద్దేశం నిజంగా ఉంటే, 4కెలోనే 144 హెర్ట్జ్ ఉన్న 27 అంగుళాల మానిటర్ కోసం ఆగవచ్చు. ఇవాళ్టి మీ కార్డుతో మాత్రం ఆ ఖర్చు వృథా.

ఇక మామూలు తెర కన్న బాగా వెడల్పైన అల్ట్రావైడ్. దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేను. అడ్డంగా 3440 పిక్సెళ్ళంటే రెండు పత్రాలను పక్కపక్కన పెట్టినా ఒక్కోదానికి 1720 దక్కుతాయి; కథ ఉన్న ఆటల్లో కొండలూ మైదానాలూ కళ్ళ చివరల దాకా పరుచుకుంటాయి. వీఏ ప్యానెల్‌లో నలుపు కూడా నలుపులా ఉంటుంది: మామూలు ఐపీఎస్‌లో తెలుపు నలుపుల నిష్పత్తి వెయ్యికి ఒకటి చొప్పున ఉంటే, వీఏలో అది మూడు వేలు, అంతకు పైన కూడా ఉంటుంది. చీకటి గదిలో సినిమా చూసేవారికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. కాని అదే వీఏలో నలుపు నుంచి బూడిద రంగుకు మారడం చాలా నెమ్మది. డార్క్ మోడ్‌లో ఒక పేజీని కిందికి జరిపి చూడండి, అక్షరాల వెనుక పొగ తోకలా నల్లని చార ఈడ్చుకుంటూ వస్తుంది. చీకటి వీధుల్లో జరిగే షూటింగ్ ఆటలో ఆ చారలోనే శత్రువు దాగిపోతాడు. ఖరీదైన కొన్ని వీఏ ప్యానెళ్ళు ఈ లోపాన్ని దాటాయి, మీరు చెప్పిన శ్రేణిలో ఆ హామీ ఇవ్వలేం. పోటీగా ఆడే కొన్ని ఆటలు ఆ వెడల్పును ఒప్పుకోక రెండు పక్కలా నల్లని పట్టీలు వదిలేస్తాయి. మీటింగుల్లో తెర మొత్తాన్ని పంచుకున్నప్పుడు మీ పొడవైన తెర అవతలివారి ల్యాప్‌టాప్‌లో సన్నని రిబ్బనులా కుంచించుకుపోయి ఒక్క అంకె కూడా చదవడానికి వీలుండదు. మీటింగుల్లో నివేదికలు చూపించవలసిన పని మీకుంటే ఇది చిన్న చిక్కు కాదు, ప్రతిసారీ ఒక్క విండోను మాత్రమే ఎంచి పంచుకోవలసి వస్తుంది. వంపు తెర మీద గడుల గీతలు కొందరికి వంగినట్టు కనబడతాయి, కొన్నాళ్ళకు అలవాటైపోతుంది కనుక దాన్ని నేను లోపంగా లెక్కించను.

మీ స్నేహితుడి మాటలో ఆట వరకు పొల్లు లేదు. ఓలెడ్‌లో ఒక్కో పిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతుంది. నలుపంటే పూర్తిగా ఆరిన పిక్సెల్. రంగు మారడానికి మిల్లీసెకనులో చిన్న భాగం చాలు, వెనుక తోకలు ఉండవు. కాని మీ పగటి పని తలచుకుంటే నాకు భయమేస్తుంది. ఎక్సెల్ పై పట్టీ, కింద టాస్క్‌బార్, మధ్యలో గడుల గీతలు, ఇవన్నీ రోజుకు ఎనిమిది గంటలు కదలకుండా ఒకే చోట వెలుగుతూ ఉంటాయి. ఎక్కువసేపు వెలిగిన పిక్సెల్ మిగతావాటి కన్న ముందే అరిగిపోతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఆకారాలే మచ్చలుగా తెర మీద మిగిలిపోవచ్చు. తయారీదారులు బొమ్మను అప్పుడప్పుడు కొద్దిగా పక్కకు జరపడం వంటి రక్షణలు పెట్టారు, కొందరు మూడేళ్ళ పాటు మచ్చలకు కూడా వారంటీ ఇస్తున్నారు. అయినా అక్షరాల సమస్య మిగిలే ఉంది. విండోస్ అక్షరాలను దిద్దే పద్ధతి, ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకే వరసలో నిలువు గీతలుగా ఉంటాయన్న లెక్క మీద నడుస్తుంది. చాలా ఓలెడ్ మానిటర్లలో ఆ అమరిక వేరు. కొన్నింటిలో త్రికోణంగా, కొన్నింటిలో తెల్లని నాలుగో భాగంతో కలిసి ఉంటుంది. అందువల్ల నల్లని అక్షరం అంచున సన్నని గులాబీ, ఆకుపచ్చ ఛాయలు తొంగిచూస్తాయి. ఆటలో ఎవరూ గమనించరు. ఎనిమిది గంటలు అంకెలు చదివేవారు గమనిస్తారు.

కొనే ముందు ఒక చిన్న పని చేయండి. అట్టపెట్టెను విప్పి మూడు ముక్కలు కోయండి: 27 అంగుళాలకు 60 సెంటీమీటర్ల వెడల్పు, 34 ఎత్తు, 32 అంగుళాలకు 71 వెడల్పు, 40 ఎత్తు, అల్ట్రావైడ్‌కు 80 వెడల్పు, 33 ఎత్తు. ఒక్కోదాన్ని మీ బల్ల మీద తెర ఉండే చోట పుస్తకాలకు ఆనించి నిలబెట్టి, మీ కుర్చీలో మామూలుగా కూర్చోండి. మీ బల్ల లోతు 61 సెంటీమీటర్లు. అందులో స్టాండు పాదం ఇరవై పైచిలుకు తినేస్తుంది కనుక తెర మీకు చేయి చాపినంత దూరంలోకే వస్తుంది. 32 అంగుళాల అట్ట మూలల్ని చూడడానికి మెడ తిప్పవలసి వస్తోందో, కళ్ళు తిప్పితే సరిపోతోందో అప్పుడు మీకే తెలుస్తుంది. ఎవరి సమీక్ష చదివినా తెలియని సంగతి ఈ అట్టముక్క చెబుతుంది, అల్ట్రావైడ్ ఎత్తు 27 అంగుళాలదానికన్న ఒక్క పిసరు తక్కువేనన్న సంగతి కూడా అప్పుడే కంటికి ఆనుతుంది.

పెట్టె మీద అచ్చువేసే అంకెల్లో రెండింటిని నమ్మకండి. మొదటిది ఒక మిల్లీసెకను స్పందన అన్న మాట. ఐపీఎస్, వీఏ వంటి ఎల్‌సీడీ మానిటర్లలో, పిక్సెళ్ళ రంగు మార్పును త్వరపెట్టే ఓవర్‌డ్రైవ్ అన్న అమరికను చివరి మెట్టుకు నెట్టి, అనుకూలమైన రంగు మార్పును ఎంచుకుని కొలిచిన అంకె అది. నా మానిటర్ వచ్చిన రోజున మెనూలో ఆ చివరి మెట్టే పెట్టి, బూడిద రంగు నేపథ్యం ఉన్న ఒక పొడవైన ఎక్సెల్ షీటును కిందికి జరిపాను. కదులుతున్న ప్రతి నల్లని అంకె వెనుకా నేపథ్యం కన్న తెల్లగా మెరిసే మరో అంకె వెంటబడింది; సున్నాలన్నీ జంటలుగా, ఎనిమిదులు గొలుసులుగా కనిపించాయి. మెట్టు ఒకటి తగ్గించగానే ఆ తెల్లని నీడలు పోయి, అంకెల అంచులు కొద్దిగా మెత్తబడ్డాయి. ఆ మధ్య మెట్టే అప్పటి నుంచి వాడుతున్నాను. మీరూ అక్కడే మొదలుపెట్టండి. రెండవది హెచ్‌డీఆర్ 400 అన్న ముద్ర. హెచ్‌డీఆర్ అంటే వెలుగు నీడల మధ్య తేడాను మరింతగా చూపే పద్ధతి. ఆ ముద్ర పొందడానికి తెరలోని భాగాలను విడివిడిగా వెలిగించే ఏర్పాటు ఉండనక్కరలేదు, అందువల్ల ఎల్‌సీడీ మీద ఆ పేరుతో దక్కేది సాధారణంగా కాస్త ఎక్కువ కాంతి మాత్రమే. పని వేళల్లో దాన్ని ఆపి ఉంచడమే మేలు. వేసి ఉంచితే రంగులు వెలిసిపోయినట్టు అయిపోతాయి.

అడాప్టివ్ సింక్ మాత్రం తప్పక ఉండాలి. కార్డు ఒక క్షణం 110 చిత్రాలు, మరుక్షణం 80 చిత్రాలు గీస్తున్నప్పుడు తెర కూడా తన వేగాన్ని దానికి తగినట్టు మార్చుకుంటుంది, బొమ్మ మధ్యలో చిరిగినట్టు కనబడదు. ఫ్రీసింక్ అన్న పేరు చూసి అది ఏఎండీ కార్డులకు మాత్రమేనని అనుకోకండి. 2019 జనవరి నుంచి ఎన్విడియా కార్డులు కూడా ఇలాంటి చాలా మానిటర్లతో కలిసి పనిచేస్తున్నాయి.

మీ బల్ల మీద రెండు కంప్యూటర్లు ఉన్నాయి కనుక వెనుకవైపు పోర్టులను శ్రద్ధగా చూడండి. డెస్క్‌టాప్‌ను డిస్‌ప్లేపోర్ట్‌తో కలపండి. హెచ్‌డీఎంఐ 2.0 ద్వారా 1440పీలో సాధారణంగా 144 హెర్ట్జ్ వరకే వస్తుంది, 165 రాదు. ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ చాలు. ఒకే యూఎస్‌బీ-సీ కేబుల్‌తో చిత్రమూ ఛార్జింగూ రెండూ కావాలనుకుంటే, మానిటర్ వైపు కనీసం 65 వాట్లు ఇచ్చే పోర్టు ఉండాలి, ల్యాప్‌టాప్ వైపు ఆ పోర్టు చిత్రాన్ని పంపగలిగినదై ఉండాలి. ఆకారం ఒకటే అయినా కొన్ని యూఎస్‌బీ-సీ పోర్టులు డేటాకు తప్ప పనికిరావు. కేవీఎం ఉన్న మానిటర్ దొరికితే ఒకే కీబోర్డు, ఒకే మౌస్ రెండు కంప్యూటర్లకూ సరిపోతాయి. రోజూ సాయంత్రం ఆరింటికి కేబుళ్ళు పీకి మార్చే పని తప్పుతుంది, నా దృష్టిలో అది 165కూ 180 హెర్ట్జ్‌కూ ఉన్న తేడా కన్న ఎన్నో రెట్లు విలువైనది.

స్టాండు ఎత్తు మారేదా కాదా అన్నది కూడా చూడండి. తెర పై అంచు మీ కంటి ఎత్తులో, లేదా కొద్దిగా కిందుగా ఉండాలి. ఎత్తు మారని స్టాండు అయితే వెనుక వేరే స్టాండు బిగించడానికి వీలిచ్చే 100×100 మిల్లీమీటర్ల వెసా రంధ్రాలు ఉన్నాయో లేదో చూసుకోండి, తరువాత విడిగా చేయి వంటి స్టాండు బిగించుకోవచ్చు. మీ రెండడుగుల బల్లకు అదే నప్పుతుంది, పాదం ఆక్రమించే స్థలమంతా మిగులుతుంది.

మానిటర్ వచ్చాక మొట్టమొదట చేయవలసినది విండోస్‌లో రిఫ్రెష్ రేటును సరిచూడడం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే కనిపిస్తుంది. ఆరు నెలలుగా వాడుతున్న 144 హెర్ట్జ్ మానిటర్‌లో ఏ మార్పూ లేదని ఒక సహోద్యోగి నాతో వాపోయారు. తెరిచి చూస్తే అంకె 60 దగ్గరే ఉంది. 144కి మార్చి మౌస్ బాణాన్ని గుండ్రంగా తిప్పమన్నాను. ఆయన మాట్లాడకుండా చాలాసేపు తిప్పుతూనే ఉండిపోయారు. ఆ తరువాత కాంతి. పెట్టెలోంచి వచ్చినప్పుడు తెర మరీ ప్రకాశంగా ఉంటుంది. ఒక తెల్లకాగితాన్ని తెర పక్కన పట్టుకుని, ఖాళీ పత్రపు తెలుపు కాగితం తెలుపుకు దగ్గరగా వచ్చేదాకా తగ్గించండి. పగలు ఒకసారి, దీపాలు వేశాక ఒకసారి. వాపసు గడువు ముగియకముందే గదిని చీకటి చేసి నల్లని బొమ్మ పెట్టి అంచుల నుంచి వెలుగు కారుతోందేమో, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం పరిచి చచ్చిన పిక్సెళ్ళు ఉన్నాయేమో పరీక్షించండి. మూలల్లో చూసే కోణాన్ని బట్టి మారే లేత మెరుపు ఐపీఎస్‌కు సహజం. తల కదిపినా మారని వెలుగు చార మాత్రం లోపమే, మొహమాటపడకుండా వెనక్కు పంపండి.

పాత మానిటర్‌ను ఉంచుకోండి. దాని పిక్సెళ్ళ సాంద్రత కొత్తదానికి దగ్గరగా ఉంది కనుక ఒక విండోను ఇటు నుంచి అటు లాగినా అక్షరాల పరిమాణం పెద్దగా మారదు. పక్కన 4కె ఉండి ఉంటే రెండు తెరలకూ వేర్వేరు స్కేలింగ్ పెట్టుకోవలసి వచ్చేది. మెయిళ్ళు, మీటింగు విండో దాని మీద వేసి, తప్పనిసరి పనిని మాత్రమే ఎదురుగా ఉన్న పెద్ద తెర మీద ఉంచుకోండి. పొడవైన పత్రాల కోసం దాన్ని నిలువుగా తిప్పాలనిపిస్తే ముందు ప్యానెల్ ఏదో చూడండి. ఆ కాలపు చవక మానిటర్లలో చాలావరకు టీఎన్ అన్న మరో రకం ప్యానెళ్ళే. అవి పై నుంచి, కింద నుంచి చూస్తే రంగు మారిపోతాయి. నిలువుగా తిప్పినప్పుడు ఆ దోషం కుడి ఎడమలకు వస్తుంది, ఒక కంటికి ఒక ఛాయ, మరో కంటికి మరో ఛాయ కనబడి పావుగంటలో తల పట్టేస్తుంది. టీఎన్ అయితే దాన్ని అడ్డంగానే ఉంచండి.